పిడికెడు బియ్యం, ఒక పేరు

వజ్రమ్మ మా ఇంట్లో అద్దెకు దిగిన నాడే నాకు ఆమె మీద అనుమానం వచ్చింది. తప్పేమీ చేయలేదు పాపం. గడపలో అడుగుపెడుతూ నన్ను చూసి నవ్వింది, అంతే. మొగుడు పోయి, సూరారంలో ఉన్న గది ఖాళీ చేసి, రెండు మూటలతో వచ్చిన మనిషికి నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని ఊరికే వదిలిపెట్టే రకం కాదు నేను.

నా స్వభావమే అంత. పాలగిన్నె మూత తీయకముందే అందులో నీళ్ళు కలిశాయనుకుంటాను. ఇద్దరు మాట్లాడుకుంటూ నన్ను చూసి ఆగితే, నా గురించేనని తేల్చేస్తాను. మా ఆయన పరమేష్ ఎప్పుడైనా బజారు నుంచి మల్లెపూలు తెస్తే, ఏం చేసి వచ్చాడోనని ఆ పూట అన్నం సయించదు. "నీకు పెయ్యంత కండ్లేనే వినోదా" అనేది మా అత్త బుచ్చవ్వ, ఒళ్ళంతా కళ్ళేనని. మెచ్చుకోలుగా కాదు.

అది తొంభై ఆరో సంవత్సరం. శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారికి అటూ ఇటూ అంగూర్ తోటలుండేవి, ద్రాక్షను మేం అంగూరనే అంటాం. శివరాత్రి మొదలు ఉగాది దాటేదాకా మా ఊరి ఆడవాళ్ళకు ఆ పందిళ్ళ కిందే పని. వజ్రమ్మ వచ్చింది కూడా ఆ పనికే. తోటలో మాకు మేస్త్రీ దుర్గాబాయి. ఆమే వజ్రమ్మను వెంటబెట్టుకొచ్చి, "మీ ముందటి అర్ర ఖాళీగనే ఉన్నది గదా, ఇయ్యున్రి" అంది. నేను కళ్ళతోనే వద్దన్నాను. అత్త నా వైపు చూడనే లేదు. పైగా వజ్రమ్మ కొత్త పొయ్యి పెట్టుకుంటుంటే, తన పొయ్యిలోంచి రెండు నిప్పుకణికలు పెంకు మీద పెట్టి ఇచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే తోటలో అత్త పాదానికి పందిరి ఇనుప తీగ ముక్క గుచ్చుకుంది. గాయం చిన్నదే. పసుపు పెట్టి కట్టుకుంది, మర్నాడు మళ్ళీ పనికి వచ్చింది. అయితే అది మానలేదు. చుట్టూ నల్లబడింది, చీము పట్టింది, పాదం ఉబ్బింది. అత్త మంచం పట్టింది. మాట మీద మాట పడనివ్వని మనిషి, గంజి వద్దని చేత్తో సైగ చేసే స్థితికి వచ్చింది. ఆమె నన్ను తిట్టడం మానేసిన నాడు నాకు నిజంగా భయం వేసింది. నాకు తల్లి లేదు. ఆ తిట్లలోనే నేను పెరిగాననుకోండి.

వజ్రమ్మ పొద్దునా సాయంత్రం వచ్చి మంచం పక్కన నిలబడేది. "అవ్వను పెద్ద దవాఖానకు తీస్కపోన్రి. మా ఇంటాయనది గూడ కాలుతోనే మొదలైంది" అనేది. తన మొగుడి చావును తెచ్చి మా గడపలో పెడుతోందని నాకు ఒళ్ళు మండేది. బోరింగు దగ్గర ఆమె బిందె నా దారికి అడ్డం ఉంటే కాలితో పక్కకు నెట్టేదాన్ని. ఆమె ఏమీ అనకుండా బిందె కడుక్కుని మళ్ళీ పట్టుకునేది. ఎందుకు అనడం లేదన్నది కూడా నాకు అనుమానమే.

మా వంటింటికీ ఆమె అర్రకూ మధ్య వెదురు తడక ఒక్కటే అడ్డం. ఒకరోజు పొద్దున పొయ్యి రాజేస్తుంటే అవతల గుసగుస వినిపించింది. తడక సందులోంచి చూశాను.

వజ్రమ్మ పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. తలమీద కొంగు కప్పుకుంది. పక్కన చేటలో బియ్యం. అందులోంచి ఒక పిడికెడు తీసి, గుండెకు ఆనించుకుని, కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఏం చెప్తోందో అర్థం కాలేదు గానీ, మధ్యలో ఒక్క మాట స్పష్టంగా వినిపించింది. "బుచ్చవ్వ." తర్వాత పిడికిలి తెరిచి, మూలనున్న చిన్న కుండలో ఆ బియ్యం పోసి మూత పెట్టేసింది.

నా చేతిలో అగ్గిపుల్ల వేలిదాకా కాలింది.

ఆమె ఆదివారం ఆదివారం ఏసయ్య మందిరానికి పోతుందని తెలుసు. మందిరానికి పోయేవాళ్ళు పాటలు పాడతారు, పుస్తకం చదువుతారు. బియ్యంతో పనేముంటుంది? మనిషి పేరు చెప్పి గింజలు దాచిపెట్టడం దేనికో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చేతబడే, కానీ బాణామతి అనే మాటను మా వైపు ఎవరూ గట్టిగా అనరు. అనవలసి వస్తే గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి అంటారు.

అప్పటి నుంచి రోజూ తడక దగ్గరే నా వంట. ఒకరోజు "పరమేష్" అంది. ఇంకోరోజు "దుర్గాబాయి" అంది. ఎక్కువ రోజులు మాత్రం "బుచ్చవ్వ" అనే. అక్కడ కుండ నిండుతోంది, ఇక్కడ మంచంలో అత్త తరిగిపోతోంది. ఇన్ని పేర్లలో నా పేరు ఒక్కసారైనా రాలేదు. దానికి సంతోషించాలి కదా. నాకు మాత్రం అదే పెద్ద పరేషాన్ అయింది. అందరినీ అనుకుంటూ నన్నెందుకు వదిలేసింది, నాకోసం వేరే ఏదైనా దాచిపెట్టిందా అని.

చివరికి పరమేష్‌కు చెప్పాను. ఆయన చొక్కా వేసుకుని బయటికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు గాలయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

ఊళ్ళో దయ్యం పట్టినా, పశువు పాలివ్వకపోయినా పిలిచేది గాలయ్యనే. ఆయన అత్త మంచం చుట్టూ వేపమండ తిప్పాడు, నిమ్మకాయ కోశాడు, కోసిన ముక్కల వంక చాలాసేపు చూశాడు. వజ్రమ్మ అప్పుడు ఇంట్లో లేదు.

"గింజలతోని జేసిన్రు" అన్నాడు. "మీ గడప లోపటి మనిషే."

పరమేష్ ముఖం పాలిపోయింది. నా ముఖం కూడా అలాగే అయి ఉండాలి. కానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది? గింజల సంగతి నిమ్మకాయలో కనిపించిందా, దారిలో పరమేష్ నోట్లోంచి వచ్చిందా అని మనసులో ఒక మూల పురుగు తొలిచింది. నా అనుమానం ఎవరినీ వదలదు, ఆ ఒక్క విషయంలో అది చాలా న్యాయమైనది.

"మరి ఏం జెయ్యాలె" అన్నాడు పరమేష్.

"నోట్లె ముందటి పండ్లుంటెనే మంత్రం పలుకుతది. అవి రాలగొడ్తె మంత్రం ఇరుగుతది. రేపు తోటకెళ్ళి రాంగనే పని కానిద్దాం. ఇంకిద్దరు మొగోళ్ళను పిలుసుకో."

కూరగాయల సంగతి మాట్లాడినంత మామూలుగా అన్నాడు. పరమేష్ కాదనలేదు. తల్లి మంచం వంకే చూస్తున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. ఆమె మా ఇల్లు ఖాళీ చేసి పోవాలనే నేను కోరుకున్నాను. ఆమె నోరు నాకెందుకు?

మర్నాడు పొద్దున కూడా తడక దగ్గర నిలబడ్డాను. ఆమె పిడికెడు తీసింది, కళ్ళు మూసుకుంది. "వినోద" అంది.

నేను తడక దగ్గర నుంచి వెనక్కి జరిగాను. ఒకవేళ గాలయ్య చెప్పిందే నిజమేమో. తనకేం జరగబోతోందో ఈమెకు తెలిసిపోయి, ముందు నా పని పట్టిందేమో. తోటకు పోయే దారంతా ఆమె ముందు నడుస్తుంటే నేను వెనకాల, ఆమె నీడ మీద కాలు పడకుండా నడిచాను.

అంగూర్ పందిరి కింద పని చిత్రంగా ఉంటుంది. రోజంతా మెడ ఎత్తే ఉండాలి. పండు మీద బూడిదలాంటి తెల్లని పొడి ఉంటుంది, వేలు తగిలితే చెరిగిపోతుంది, ధర పడిపోతుంది. అందుకని గుత్తిని కాడ దగ్గర మాత్రమే పట్టుకుని కత్తెరతో కోయాలి. పక్కపక్కనే ఉన్నా ఒకరి ముఖం ఒకరికి కనిపించదు. ముఖం కనిపించదు కాబట్టే అడగగలిగాను.

"వజ్రమ్మా."

"ఆఁ."

"పొద్దుగాల పేర్లు జెప్పుకుంట కుండల బియ్యం ఎందుకేస్తున్నవ్."

ఆమె కత్తెర చప్పుడు ఆగింది. "ఇనిపిచ్చిందా" అంది. గొంతులో సిగ్గు తప్ప ఇంకేమీ దొరకలేదు నాకు, చాలా జాగ్రత్తగా విన్నాను. "అది పిడికెడు బియ్యం. వండుకునేముందర ఒక పిడికెడు దేవునికని తీసిపెడ్తం. మందిరంల ఇస్తే దిక్కులేని ముసలోళ్ళకు పంచుతరు. మా దాంట్ల ఆడోళ్ళు శానామంది జేస్తరు."

"మరి పేర్లేంది."

"అవి నావి." కత్తెర మళ్ళీ కదిలింది. "మా ఇంటాయన పోయినంక నా మనసు మంచిగ లేకుండె. ఎవర్ని జూసినా కోపం. ఎవరేమన్నా అనుమానం. నా బతుకు గిట్లనే కాలిపోతదని ఒక్కటే రంది. ప్రార్థనకు కూసుంటే గూడ దేవునితోని లొల్లి బెట్టుకునేదాన్ని. మందిరంల ఒక ముసలమ్మ జెప్పింది, ఇగ నువ్వు ఏం అడగకు బిడ్డా, పిడికెడు తీసినప్పుడు నీకు మంచి జేసిన మనిషి పేరొకటి జెప్పి దేవునికి స్తోత్రం జెయ్యి అని. మొదట్ల ఒక్క పేరు దొరకకపోయేది. ఎతుకంగ ఎతుకంగ దొరుకుతయి. మీ అత్త నాకు నిప్పిచ్చింది గదా, ఆమె పేరే ఎక్కువ వస్తది."

"ఇయ్యాల నా పేరొచ్చింది."

"వచ్చింది." ఆమె నవ్వడం వినిపించింది. "నీ పేరు కోసం మస్తు ఎతికిన వినోదా. ఇన్నొద్దులు దొరకలే. నిన్న బోరింగు కాడ నా బిందె చేత్తోని జరిపినవ్. కాలుతోని నూకలే."

నిన్న పక్కన దుర్గాబాయి ఉంది. ఆమె చూస్తోందని చేత్తో జరిపాను.

కోసిన గుత్తి నా చేతిలో అలాగే ఉండిపోయింది. మోసం చేసే మనిషైతే ఇంత చిన్న సంగతి చెప్పదు. నేను దేవతనని, చెల్లెలిలాంటిదాన్నని ఏదో పెద్ద మాట చెప్తుంది. నా గురించి మంచి ఒకటి కావాలని రోజూ వెతికి వెతికి, ఆమెకు దొరికింది ఒక బిందె. జీవితమంతా జనాన్ని అనుమానించి నేర్చుకున్న విద్యతో చెప్తున్నాను, ఆమె నిజమే చెప్తోంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో ఒళ్ళు కూడా మండింది.

అప్పుడు మెడ దించి, ఆమె వైపు తిరిగి చెప్పేశాను. గాలయ్య, నిమ్మకాయ, పళ్ళు, అన్నీ.

ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. బుట్ట పక్కన కూలబడింది. నవ్వే ఆ ముఖంలో అంత భయం చూస్తానని నేను అనుకోలేదు.

"ఇట్నుంచి ఇటే జవహర్‌నగర్ మీ తమ్ముని కాడికి పో" అన్నాను. "నీ మూటలు నేను తర్వాత పంపిస్త."

ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. "తండ్రీ, నాకు భయమైతాంది" అంది. అంతకన్నా పెద్ద ప్రార్థనేమీ చేయలేదు. అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. అంటుండగా ఊపిరి కాస్త నెమ్మదించింది. తర్వాత లేచి కత్తెర తీసుకుంది.

"నేను పోతే నేనే జేసినట్టయితది" అంది. "మంత్రం ఇరిగిందని అవ్వను ఇంట్లనే పండబెడ్తరు. ఇగ దవాఖానకు ఎవ్వరు తీస్కపోరు."

అత్త పాదం వాసన నాకు తెలుసు.

పని దిగి ఇద్దరం పక్కపక్కనే ఇంటికి నడిచాం. "భయమైనప్పుడు పేర్లు జెప్పుకుంట పోత" అంది. "నువ్వు గూడ జెప్పు. పైకి వద్దు, లోపటనే." నాకు ప్రార్థన రాదన్నాను. ఎవరికీ రాదు, అలవాటవుతుందంది. మొదట నాకు తట్టినవన్నీ ఫిర్యాదులే. తర్వాత, పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్త నా చెయ్యి పట్టుకుని గుత్తి కోయడం నేర్పింది గుర్తొచ్చింది. నాకు జ్వరం వచ్చినప్పుడు పరమేష్ తెల్లారేదాకా తడిగుడ్డ వేయడం గుర్తొచ్చింది. దానికి కూడా అప్పట్లో కారణం వెతికాను నేను. ఒకటి దొరికితే దాని వెనకాల ఇంకొకటి వస్తోంది. నా లోపల ఎప్పుడూ ఆగకుండా తిరిగే తిరగలి ఏదో ఉంది, చిన్నప్పటి నుంచీ ఉంది. చింతచెట్టు మలుపు దగ్గర అది ఆగింది. ఆగాక గానీ అంత చప్పుడు చేస్తోందని తెలియలేదు. భయం పోలేదు కానీ, ఆ ప్రశాంతతలో నేను ఏం చేయాలో మాత్రం కనిపించింది.

ఇంటి ముందు మగవాళ్ళు ఉన్నారు. గాలయ్య అరుగు మీద కూర్చున్నాడు. పక్కన తువ్వాలులో చుట్టి ఏదో ఉంది. కొస బయటికి కనిపిస్తోంది. తోటలో పందిరి తీగలు బిగించే పట్కారు అది. పరమేష్ నా కళ్ళలోకి చూడలేదు.

నేను వజ్రమ్మ అర్రలోకి వెళ్ళి, మూలనున్న కుండ తెచ్చి అరుగు మీద పెట్టాను. మూత తీశాను. అందరూ ఒక్కడుగు వెనక్కు వేశారు. గాలయ్య కూడా లేచి నిలబడ్డాడు.

ఒక పిడికెడు తీశాను. గుండెకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాను. ఏసయ్యా, నాకు మాటలు రావు అనుకున్నాను. పైకి మాత్రం ఒక్క పేరే చెప్పాను. "వజ్రమ్మ." చెప్పి, ఆ బియ్యం నోట్లో పోసుకున్నాను.

పచ్చి బియ్యం నమలడానికి చాలాసేపు పడుతుంది. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. దాచడమెందుకు, నాలుక కాలుతుందేమోనని నేను కూడా సగం ఎదురుచూస్తూనే ఉన్నాను. కాలలేదు. కాస్త తియ్యగా, మామూలు బియ్యం లాగే ఉన్నాయి.

"దాని మందు నీకు గూడ ఎక్కింది" అన్నాడు గాలయ్య.

"గాలయ్య మామా, గింజలని నీకు ఎవరు జెప్పిన్రు" అన్నాను. "నేను మా ఆయనకు జెప్పిన. మా ఆయన నీకు జెప్పిండా, నిమ్మకాయ జెప్పిందా?"

గాలయ్య పరమేష్ వంక చూశాడు. పరమేష్ నేల వంక చూశాడు. "తొవ్వల నేనే జెప్పిన" అన్నాడు.

లోపలి నుంచి అత్త గొంతు వచ్చింది, సన్నగా, కోపంగా.

"గా బియ్యం నమిలే చప్పుడు ఇనలేక సస్తున్న. కొన్ని నాకు గంజి గాయి."

ఒకాయనకు గొడ్లు తోలుకు రావాలని గుర్తొచ్చింది. ఇంకొకాయన చెప్పులు వెతుక్కున్నాడు. పరమేష్ తువ్వాలులోంచి పట్కారు తీసుకుని, ఇంటి వెనక్కు తీసుకెళ్ళి, ఎక్కడ పడేశాడో నేను ఇప్పటిదాకా అడగలేదు. వజ్రమ్మ వాకిట్లోనే, గోడ పట్టుకుని నిలబడి ఉంది. నేను పొయ్యి రాజేసి, ఆ కుండలో బియ్యంతోనే గంజి కాశాను. అత్త కొంచెం తాగింది. నేను తాగాను. చివరికి పరమేష్ కూడా గిన్నె పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే అత్తను పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాం. షుగరట. ఇంకొంచెం ఆలస్యమైతే కాలు తీయాల్సి వచ్చేదన్నారు. రెండు కాలివేళ్ళతో పోయింది. కట్లు కట్టించుకుని ఇంటికి వచ్చిన రోజే నన్ను తిట్టింది, పొయ్యి చుట్టూ బూడిద ఎత్తలేదని. ఆ తిట్లు వింటూ బూడిద ఎత్తుతుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తోట పని అయిపోయాక వజ్రమ్మ జవహర్‌నగర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. మేం వెళ్ళమనలేదు. ఉండమని గట్టిగా అడగడానికి మాకు ముఖం చెల్లలేదు. వెళ్ళేటప్పుడు కుండ ఖాళీ చేసి, కడిగి, తడక ఇవతల మా వైపు పెట్టి వెళ్ళింది. ఎందుకు పెట్టిందో అని, అలవాటు కొద్దీ, కాసేపు అనుమానించాను.

మర్నాడు పొద్దున చేటలో బియ్యం పోసుకున్నాను. కొంగు తలమీదికి లాక్కుని, ఒక పిడికెడు తీసి, కళ్ళు మూసుకున్నాను. పేరు చెప్పుకుని కళ్ళు తెరిచేసరికి, మంచం మీది నుంచి అత్త నా పిడికిలి వంకే చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. అది నా చూపే.

"ఎవరి పేరు జెప్తున్నవే" అంది.

"నీదే అత్తమ్మా."

"నేనేం జేసిన?"

వెతికాను. "నిన్న గంజి మొత్తం తాగినవ్ గదా."

అత్త మూతి విరిచింది. "దాంట్ల ఉప్పు తక్కువైంది" అంది. తర్వాత అటు తిరిగి పడుకుంటూ, "మంచిగనే ఉన్నది తీ, ఎయ్యి" అంది.

నేను పిడికిలి తెరిచాను.